తొమ్మిది మైక్రోలీటర్లు

నా నెత్తిమీద పసుపురంగు మీట ఒకటి ఉంది. ఆరేళ్ళుగా దాన్ని చాలామంది నొక్కారు. అందరికంటే ఎక్కువగా నొక్కిన బొటనవేలు మాత్రం మేడమ్‌ది. ఆ వేలి మొదట్లో ఇప్పుడు నొప్పి. రాత్రిళ్ళు ఇంట్లో వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటుందట. వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పుడల్లా “ఆ ఫోను కాస్త పక్కన పెట్టవే, వేలు అదే తగ్గుతుంది” అంటుంది. ఫోను పాపం ఏమీ చేయలేదు. నేనే కారణం.

నేను మైక్రోపిపెట్‌ని. ల్యాబ్‌లో పిలిచే పేరు ‘పీ టూ హండ్రెడ్’. 20 మైక్రోలీటర్ల నుంచి 200 దాకా, చెప్పినంత కొలిచి పీల్చి, చెప్పిన చోట పోస్తాను. సగం చుక్క నుంచి నాలుగు చుక్కల దాకా అనుకోండి, అదే నా రాజ్యం. మీట రెండు మెట్లుగా దిగుతుంది. మొదటి మెట్టు దాకా నొక్కి, ప్లాస్టిక్ టిప్పును ద్రవంలో ముంచి, మెల్లగా వదలాలి. పోసేటప్పుడు రెండో మెట్టు దాకా నొక్కితే కొనకు అంటుకున్న తుంపర కూడా దిగిపోతుంది. ద్రవం నా ఒంటికి తగలదు. దానికీ నా పిస్టన్‌కీ మధ్య కాస్త గాలి ఉంటుంది. నా నిజాయితీ అంతా ఆ గాలి బయటికి పోకుండా ఉండడంలోనే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

మా వంశం జర్మనీలో, మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అంతకు ముందు శాస్త్రవేత్తలు గాజు గొట్టాన్ని నోట్లో పెట్టుకుని, స్ట్రాతో కూల్‌డ్రింక్ తాగినట్టు రసాయనాలను పీల్చేవారు. విషమైనా, రోగక్రిములున్న ద్రవమైనా అదే పద్ధతి. 1957లో హైన్రిష్ ష్నిట్గర్ అనే కొత్త పరిశోధకుడు అక్కడ చేరి, ఆ పీల్చుడుతో విసిగిపోయి, కొన్నాళ్ళు కనబడకుండా పోయి, స్ప్రింగు పెట్టిన సిరంజిలాంటి దాన్ని చేతిలో పట్టుకుని తిరిగొచ్చాడు. అదే మా ముత్తాత. ష్నిట్గర్ 1964లో సరస్సులో మునిగి చనిపోయాడు. ఇవాళ జీవశాస్త్రం ల్యాబుల్లో మా వాళ్ళు లేని బల్ల ఉండదు, ఆయన పేరు తెలిసినవాళ్ళు మాత్రం అరుదు.

మేడమ్ దగ్గరికి నేను వచ్చిన రోజు బాగా గుర్తు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ, పరదేశంలో నాలుగేళ్ళ పోస్ట్‌డాక్ ముగించుకుని, ఐదేళ్ళ ఫెలోషిప్ మీద సముద్రం దగ్గరి ఒక యూనివర్సిటీలో చేరింది. చేతికిచ్చిన గది అంతకు ముందు పాత జవాబుపత్రాలు దాచిన గది. సున్నం వేయించి, ఇంక్యుబేటర్ పెట్టించి, మొదటి విడత డబ్బుతో మమ్మల్ని ముగ్గురు అన్నదమ్ముల్ని కొంది. బల్లకెదురుగా గోడమీద ఒక తపాలా బిళ్ళను ఫ్రేము కట్టించి పెట్టుకుంది. 1995లో వచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బిళ్ళ అది. భీమవరంలో పుట్టిన ఆయన, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో బయటపెట్టాడు. అంత పని చేసినా హార్వర్డ్‌లో పర్మనెంటు ఉద్యోగం దొరకలేదు. మేడమ్‌ను వాళ్ళమ్మ “పర్మనెంటు ఎప్పుడవుతుందే?” అని అడిగిన ప్రతిసారీ ఆమె చూపు ఆ బిళ్ళ మీదికి పోవడం నేను గమనించాను.

ఆమె పని ఆటోఫజీ మీద. కణానికి తిండి దొరకనప్పుడు తనలోని పాత సామాన్లను తానే కరిగించుకుని బతికే పద్ధతి అది. ఈ విషయం చెప్పగానే చుట్టాలు “అంటే మన ఏకాదశి ఉపవాసానికే కదమ్మా నోబెల్ ఇచ్చారు” అంటారు. 2016లో ఆ బహుమతి అందుకున్న యోషినోరి ఓసుమి ఆకలితో మాడ్చింది ఈస్టును, మనుషుల్ని కాదు. మేడమ్ అది చెప్పి చెప్పి ఈమధ్య నవ్వి ఊరుకుంటోంది. ఆమెకు ఓసుమిలో నచ్చిన సంగతి వేరే ఉంది. సొంత ల్యాబ్ మొదలుపెట్టేసరికి ఆయనకు 43 ఏళ్ళు.

కణాలను పెంచడం పసిపిల్లను సాకడం లాంటిదే. 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, రెండు మూడు రోజులకోసారి కొత్త మీడియం. ఆదివారమని, పండగని చెబితే అవి వినవు. వాటికి పోసే సీరం ఎండలో ఎక్కడో ఆగిపోయి, కరిగి, చెడి వచ్చిన రోజులున్నాయి. కరెంటు పోయి ఇంక్యుబేటర్ చల్లబడితే, మేడమ్ చున్నీ నడుముకు చుట్టి జనరేటర్ గదికి పరుగెత్తిన రాత్రులున్నాయి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పని పరిశోధన కాదు. సంచీలోని టిప్పులను డబ్బాకు 96 చొప్పున, చేతికి తొడుగు వేసుకుని, ఒక్కొక్కటిగా గుచ్చడం. తరవాత ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి పట్టడం. శాస్త్రమంటే ఇదేనా అన్నట్టు వాళ్ళు మొహాలు పెట్టేవారు. ముప్పావు భాగం ఇదే.

ఇక నా తప్పు సంగతి.

మూడో ఏట ఒక రాత్రి, ఒక విద్యార్థి చేతిలోంచి జారి గచ్చుమీద పడ్డాను. పైకేమీ కనబడలేదు. వాడు అటూ ఇటూ చూసి నన్ను తుడిచి స్టాండుకు తగిలించి వెళ్ళిపోయాడు. టిప్పు తగిలించుకునే నా మూతి దగ్గర సన్నటి బీట పడింది. గాలి కారడం మొదలైంది. 100 మైక్రోలీటర్లు అడిగితే 91 ఇస్తున్నాను. నాకు తెలుసు. చెప్పడానికి నోరేది?

తొమ్మిదే కదా అనుకోకండి. ఒక మందును పదో వంతుకు, దాన్ని మళ్ళీ పదో వంతుకు, అలా నాలుగుసార్లు పలచన చేస్తూ పోతే నా దొంగతనం ప్రతి మెట్టులోనూ పేరుకుంటుంది. నాలుగో గొట్టానికి చేరేసరికి ఉండాల్సిన మందులో 71 శాతమే ఉంది. ఒక జన్యువు తీసేసిన కణాల మీద ఆ అబ్బాయి నాతో పనిచేశాడు. మామూలు కణాల మీద ఇంకో అమ్మాయి పక్కనున్న పిపెట్‌తో చేసింది. జన్యువు లేని కణాలు మందుకు లొంగడం లేదని లెక్క తేలింది. ఏడు నెలల పని. గ్రాఫు చూసి మేడమ్ కళ్ళు మెరిశాయి. తన సొంత ల్యాబ్ నుంచి మొదటి పెద్ద పేపర్ రాయడానికి కూర్చుంది.

సంక్రాంతికి పిల్లలిద్దరూ ఊళ్ళకు పోయారు. పేపర్‌లోని ఒక చిన్న బొమ్మకు చివరి అంకెలు కావాలని మేడమ్ రెండు రకాల కణాలనూ తనే, నాతోనే చేసింది. తేడా మాయమైంది. మళ్ళీ చేసింది. లేదు. భోగి రాత్రి పదింటికి త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి, నాతో 100 మైక్రోలీటర్ల నీళ్ళు పోసి తూచింది. అంత నీళ్ళు దాదాపు 100 మిల్లీగ్రాములు ఉండాలి. 91 చూపించింది. పదిసార్లు తూచింది. తరవాత నన్ను బల్లమీద పడుకోబెట్టి, లైటు ఆర్పకుండా చాలాసేపు కూర్చుంది.

ఆ పేపర్‌ను అలాగే పంపినా పట్టుకునేవాళ్ళు దొరకరు. ఇంకొకరి ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూసే తీరిక ఇవాళ ఎవరికుంది? ఫెలోషిప్ రెండేళ్ళలోపే ముగుస్తుంది. ఇంటర్వ్యూల్లో పేపర్లు లెక్కపెడతారు, మానేసిన పేపర్లకు మార్కుల కాలమ్ లేదు. మేడమ్ కనుమ నాడు కలిసి పనిచేసేవాళ్ళకు ఉత్తరం రాసింది: తప్పు మా కొలతలో ఉంది, ఫలితం నిలబడదు, క్షమించండి.

పండగ నుంచి వచ్చిన అబ్బాయిని పక్కకు పిలిచి “ఎప్పుడు పడింది నాన్నా?” అని మాత్రం అడిగింది. వాడు ఏడ్చేశాడు. “పడెయ్యడం తప్పు కాదు, చెప్పకపోవడమే” అని, ఇద్దరికీ టీ తెప్పించింది. ఆ రోజు నుంచి ల్యాబ్‌లో ఒక రివాజు: పిపెట్ పడిందని చెప్పినవాళ్ళకు ఆ పూట టీ మేడమ్ ఖర్చు. మొదటి నెల ఎన్ని టీలు తాగారో చెబితే మీరు నమ్మరు.

నా మూతి భాగం మార్చి, లోపలి సీలు కొత్తది వేయించారు. మిగిలిన ఏడాదిన్నరలో మేడమ్ పనంతా మళ్ళీ చేసింది. జన్యువు లేకపోయినా ఆ మందుకు కణాలు మామూలుగానే లొంగుతాయని తేలింది. అలాంటి ఫలితాన్ని అచ్చువేయడానికి పత్రికలు ఎగబడవు. మూడు చోట్ల తిరిగొచ్చి, నాలుగో చోట చిన్న పేపర్‌గా పడింది.

ఫెలోషిప్ పోయినేడు ముగిసింది. ఇప్పుడు ఏడాది కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ, సాయంత్రాలు ల్యాబ్‌కు వస్తోంది. పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూ అయి నాలుగు నెలలైంది, ఫలితం రాలేదు. ప్రతి సోమవారం పొద్దున్నే మమ్మల్ని తూచి పుస్తకంలో రాయడం మాత్రం తప్పలేదు. మొన్నటి సోమవారం నా గీతకెదురుగా 99.6 అని రాసి, కింద సంతకం పెట్టింది.