గ్రేట్ నికోబార్ చూద్దాం, హర్యానా పదండి

పోర్టు కోసం గ్రేట్ నికోబార్ దీవిలో కొట్టేసే అడవికి బదులు హర్యానాలో అడవి పెంచుతారట. ఇది నా కల్పన కాదు. అంత కల్పనాశక్తే ఉంటే కాలమ్ రాసుకుంటూ ఎందుకు కూర్చుంటాను, పర్యావరణ శాఖలో ఫైళ్లు రాసేవాణ్ని. ప్రభుత్వం వారు పార్లమెంటులోనే సెలవిచ్చిన మాట ఇది. ఈ వారం దాన్ని మరోసారి చదివాను.

ముందు ఒళ్లు మండింది. కాసేపటికి వ్యాపారబుద్ధి మేలుకుంది. అడవి హర్యానాకు వెళ్లిపోతే, అడవి చూడాలనుకునేవాడు కూడా హర్యానాకే కదా వెళ్లాలి! అందుకని యాత్రా స్పెషల్ వేస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పుష్‌బ్యాక్ సీట్ల బస్సు. వంటవాళ్లు మనతోనే వస్తారు. పొద్దున ఉప్మా, రెండు పూటలా ఆవకాయతో భోజనం. సీనియర్ సిటిజన్లకు ముందు సీట్లు.

అసలు దీవికి వెళ్లాలంటే ఎంత ప్రయాస! విశాఖలోనో చెన్నైలోనో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ చేరాలి. దాని పేరిప్పుడు శ్రీ విజయపురం. అక్కడి నుంచి దక్షిణంగా ఇంకో ఐదొందల కిలోమీటర్లు సముద్రం. గిరిజన రిజర్వు ప్రాంతంలో అడుగు పెట్టాలంటే పాసు కావాలి. హర్యానాకు ఆ బాధ లేదు. ఫాస్టాగ్‌లో డబ్బులుంటే చాలు.

మొదటి మజిలీ క్యాంప్‌బెల్ బే. దీవిలో పట్నం అనదగ్గది ఇదొక్కటే. 1969 నుంచి 1980 దాకా మూడొందల ముప్పై మాజీ సైనికుల కుటుంబాలను ఓడల్లో తెచ్చి ఈ దీవిలో దింపారు. పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు వాళ్లతో పాటు మన ఆంధ్ర వాళ్లూ ఉన్నారు. వాళ్ల చెమటతో లేచిన ఊళ్లే గోవింద్ నగర్, జోగిందర్ నగర్, విజయ్ నగర్, లక్ష్మీ నగర్, గాంధీ నగర్, శాస్త్రి నగర్. వీటికి బదులు చూపించడం నాకు చిటికెలో పని. హర్యానాలో ఏ పట్నంలో వెతికినా ఒక గాంధీ నగర్ దొరక్కపోదు. మాజీ సైనికులంటారా, కొన్ని ఊళ్లలో గడపకొకరు. బస్సు ఆపుతాం, దిగి ఇదే క్యాంప్‌బెల్ బే అనుకోండి. అనుకోవడానికి అదనపు చార్జీ లేదు.

రెండో మజిలీ గలతియా బే. ప్యాకేజీలో ముఖ్యమైన ఐటం ఇదే. లెదర్‌బ్యాక్ తాబేలు నాలుగైదు క్వింటాళ్ల ఒంటితో చీకట్లో సముద్రంలోంచి లేచి, ఇసుక మీద ఈడ్చుకుంటూ పైకొస్తుంది. వెనక తెడ్డుల్లాంటి కాళ్లతో మార్చి మార్చి ఇసుక తోడి, లోతుగా గుంట తీస్తుంది. అందులో గుడ్లు పెట్టి, పూడ్చి, ఆనవాలు చెరిపేసి వెళ్లిపోతుంది. అంతసేపూ కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పు పోయే దారి అది. ఈ తాబేళ్ల కోసమే 1997లో ఇక్కడ అభయారణ్యం ప్రకటించారు. 2021 జనవరిలో పోర్టు కోసం ఆ ప్రకటన రద్దు చేశారు. తాబేళ్లకు నోటీసు అందిందో లేదో మరి.

దానికి బదులుగా మేం చూపించేది కురుక్షేత్రంలోని బ్రహ్మ సరోవరం. మెట్లున్నాయి, నీళ్లున్నాయి, పుణ్యం కూడా. ఇసుక రెండు లారీలు తోలిస్తాం. తాబేలు అక్కడిదాకా ఎలా వస్తుందని కొందరికి అనుమానం. లిటిల్ అండమాన్‌లో ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలితే ఇవి ఒకవైపు ఆస్ట్రేలియా పడమటి తీరం దాకా, ఇంకోవైపు ఆఫ్రికా దాకా ఈదాయి. అంత దూరం దారి తెలిసినవాటికి హర్యానా తెలియదా? బంగాళాఖాతంలోంచి గంగలోకి, గంగలోంచి యమునలోకి తిరిగితే సరి. ఫరక్కా బ్యారేజీ గేట్లు తీయమని ఓ లేఖ రాస్తాం. ఢిల్లీ దగ్గర యమునలో నురగ వస్తుంది, అక్కడ కళ్లు మూసుకుంటే చాలు.

మూడో మజిలీ నికోబార్ మెగాపోడ్. కోడంత పక్షి, ప్రపంచం మొత్తమ్మీద నికోబార్ దీవుల్లోనే ఉంటుంది. ఇది గుడ్ల మీద కూర్చోదు. ఇసుకా, రాలిన ఆకులూ, కుళ్లిన కొమ్మలూ కాళ్లతో తన్ని గుట్ట పోసి, అందులో గుడ్డు పెడుతుంది. ఆ కుళ్లు పుట్టించే వేడికి పిల్ల తయారవుతుంది. గుట్ట తవ్వుకుని బయటపడి, అమ్మ ఎవరో తెలియకుండానే అడవిలోకి నడిచిపోతుంది. ఈ పక్షికి హర్యానా స్వర్గమే. గురుగ్రామ్ పక్కన అరావళీ కొండల్లో బంధ్వారీ డంపింగ్ యార్డు ఉంది. అంత గుట్ట, అంత కుళ్లు, అంత వేడి ఏ మెగాపోడూ కల్లో కూడా చూసి ఉండదు. ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది కూడా.

పగడాలు కూడా ఉన్నాయి. సముద్రం అడుగున 16 వేల పైచిలుకు పగడపు కాలనీలను పెకలించి వేరేచోట అతికిస్తామని ప్రాజెక్టు కాగితాలు చెబుతున్నాయి. ఆ కష్టం మనకెందుకు? పానీపత్ బజారులో నగల కొట్టు దగ్గర బస్సు అరగంట ఆగుతుంది. తలా ఒక పగడపుటుంగరం కొనుక్కోండి. కుజదోషానికి కూడా మంచిది.

నాలుగో మజిలీ షోంపెన్ల అడవి.

ఇక్కడికొచ్చేసరికి నా కరపత్రంలో పేజీ ఖాళీగా ఉండిపోయింది. 2011 జనాభా లెక్కల్లో షోంపెన్ గిరిజనులు 229 మంది. వేటాడుకుంటూ, మొగలి జాతి చెట్ల పళ్లు ఏరుకుంటూ, ఎన్ని తరాలుగానో ఆ అడవిలోనే బతుకుతున్నారు. బయటివాళ్ల జబ్బులు తట్టుకునే శక్తి వాళ్ల ఒంట్లో లేదు. వాళ్ల పక్కన మూడు లక్షల మందికి పైగా జనం ఉండే టౌన్‌షిప్పు కడతారట. వాళ్లకు బదులు హర్యానాలో ఎవర్ని చూపించను?

నికోబారీలకు బదులు ఎవర్ని చూపించను? 2004 సునామీలో ఊళ్లు పోయినవాళ్లు వాళ్లు. ప్రభుత్వమే తెచ్చి క్యాంప్‌బెల్ బే పక్కన రాజీవ్ నగర్‌లో ఉంచింది. మా ఊరికి మమ్మల్ని పంపండని ఇరవై ఏళ్లుగా అడుగుతున్నారు. 2022 ఆగస్టులో వాళ్ల గిరిజన మండలి ప్రాజెక్టుకు అభ్యంతరం లేదని కాగితం ఇచ్చింది. తమ పూర్వీకుల ఊళ్ల నేల కూడా అందులో పోతుందని తెలిశాక, నవంబరులో ఆ కాగితం వెనక్కి తీసుకుంది. అయినా పని ఆగలేదు. ఇచ్చిన కాగితం చెల్లింది, వెనక్కి తీసుకున్న కాగితం చెల్లలేదు. ఇదెక్కడి న్యాయం?

ఆ సునామీ రోజునే ఈ దీవిలోని ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ సముద్రంలో నిలబడింది. ఆ దీవి మీదనే 72 వేల కోట్ల తొలి అంచనాతో పోర్టు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్నం కడతారట. 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి దానికి రాసిచ్చారు. పార్లమెంటుకు చెప్పిన అంచనాలో పోయే చెట్లు 9.64 లక్షలు. దేశానికి పోర్టు కావాలంటే ఆ మాటే చెప్పండి, వాదించుకుందాం. అడవిని నరికి, దాన్ని ఇంకోచోటికి మార్చామని చెప్పకండి. మూడు వేల కిలోమీటర్ల దూరంలో, వానలు అంతంత మాత్రంగా పడే నేలలో గుంట తీసి పాతిన మొక్క ఆ అడవి కాదు, ఎన్ని లక్షలు పాతినా కాదు. అది తెలియక సంతకాలు పెట్టారంటే నేను నమ్మను.

హర్యానాకు అడవి కావాలి. రాష్ట్రంలో నూటికి నాలుగు వంతులు కూడా అడవి లేదు, ఉన్న అరావళీని గనులవాళ్లు తవ్వుకుపోతున్నారు. అక్కడ చెట్లు పెంచడం ప్రభుత్వం ఎప్పుడో చేయాల్సిన పని. ఆ పని చేయడానికి నికోబార్‌లో ఒక్క చెట్టు కూడా కూలక్కర్లేదు.