నోట్లో ముద్ద

తాను పుట్టిన ఊరిలో తానొక్కడే పరాయివాడనని పదునాలుగవ యేట కనుగొని, ఆ సంగతి ఎవరికిని చెప్పుకొనలేక, నూరు పుటల నోటుపుస్తకమునకు మాత్రము విన్నవించుకొను బాలుడు లేని గ్రామము కన్నడనాటి పావగడ తాలూకాలో ఉండదని నా నమ్మకము. బడిలో అతని చోటు చివరి బల్లపై గోడవైపు. హాజరు పిలిచినప్పుడు రెండవ పిలుపునకుగాని కంఠము బయలుదేరదు. ఇంటికి చుట్టములు వచ్చినచో దొడ్డిలో ఏదో అత్యవసర కార్యము తటస్థించును. "నోట్లో ముద్దేమన్నా ఉండాదా రా?" అని అవ్వ గద్దించును. ప్రశ్న సమంజసమే. రాగిముద్దను ఆ సీమలో నమలరు, మ్రింగుదురు. ఇతడు మాటలనుకూడ అట్లే మ్రింగును.

అయినను ఇతడు మౌని యనుకొనుట పొరపాటు. ఉత్తమపురుషలో అహర్నిశము సాగుచున్న యొక నవలకు కథకుడును, నాయకుడును, ప్రస్తుతమునకు ఏకైక పాఠకుడును ఇతడే. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రిగారు సీమకు పంపిన మొగల్తూరు పార్వతీశమునకు తన అమాయకత్వమును తానే నోరార చెప్పుకొని నవ్వించు సాహసముండెను. 1951లో సాలింజరు సృజించిన హోల్డెను బడి విడిచి న్యూయార్కు వీథులన్నియు తిరిగెను. మనవాడును ఒకనాడు గృహత్యాగము నిశ్చయించి హిందూపురము బస్సెక్కును, టిక్కెట్టు తెలుగులో అడుగుటయా కన్నడములో అడుగుటయా యని మీమాంసించుచుండగనే కండక్టరు "యాడికి రా ఒగనివే పోతాండావు? మీ మామకు చెప్పినావా?" అనును. గృహత్యాగము తరువాతి స్టాపులో సమాప్తము.

బడిలో తన కన్నడమునకు తెలుగువాసన యనియు, ధర్మవరములోని మేనత్త బిడ్డలకు తన తెలుగున కన్నడవాసన కొట్టుననియు ఇతని మనోవేదన. ఎదురింటివాని జాతకమును ఇదేనని ఇతనికి తోచదు. నిజము చెప్పవలెనన్న, మూడువైపుల ఆంధ్రదేశము చుట్టుకొని, నాలుగవవైపు చిత్రదుర్గము జిల్లాకు ఆనుకొని, తన జిల్లాకేంద్రమైన తుమకూరు పోవలెనన్నను పొరుగునేల త్రొక్కవలసిన ఆ తాలూకాయే చివరి బల్లపై గోడవైపు కూర్చున్న బాలుడు! శనివారము శనిమహాత్ముని గుడికి ఉభయరాష్ట్రములనుండి దిగిన భక్తులు తెలుగున దారి అడిగినను, కన్నడమున అడిగినను ఇతడు నిష్పక్షపాతముగా చేయి మాత్రము చూపును. తిరుమణి చెంత పదమూడువేల యెకరాలలో, 2,050 మెగావాట్ల కొరకు నిలిపిన సౌరఫలకములు దినమంతయు సూర్యునివైపు నిస్సంకోచముగా ముఖమెత్తి చూచుచుండగా, వాని ప్రక్కనే పోవు ఇతడు కాలి బొటనవ్రేలిని చూచుకొనుచు నడచును.

ఒకానొక బాలుని నోటుపుస్తకము నా కంటబడినది. అతడు నేర్చినవి కన్నడాక్షరములు, అతనికి కలిగినది తెలుగు దుఃఖము. కావున తెలుగునే కన్నడలిపిలో వ్రాసికొనెను. తెలుగు తలకట్టు చివ్వున పైకి లేచును, కన్నడ తలకట్టు అడ్డముగా సాగి చివర ముడుచుకొనును. ఈ రెండవది అతని స్వభావమునకు చక్కగా అమరినది. ధర్మవరమువారికి లిపి తెలియదు, అవ్వకు చదువే రాదు, ఇక భయమేమి? ఊరుబిండి మరకపడిన పుటలో "నన్ను అర్థము చేసుకొనేవాళ్లు ఈ లోకములో యెవురూ లేరు" అని యుండెను. దాని క్రింద వేరొక దస్తూరిలో, అవే ముడుచుకొన్న తలకట్టులతో, "నాకూ అంతే రా" అని యుండెను.

ప్రక్క బల్లవాని పని. తోడు దొరకెనని మనవాడు సంతోషించెననుకొందురేమో! తన ఏకాంతమును ఎవడో దొంగిలించెనని మూడుదినములు ముద్ద ముట్టక, నాల్గవనాడు క్రొత్త నోటుపుస్తకమునకు, దానిని దాచుటకొక చిన్న తాళమునకును కావలసిన డబ్బు అవ్వను అడిగెను. వీథి చివరివరకు వినబడునట్లు అడిగెను.