చేవ లేని కట్టె

యాభై దాటిన మగవాడికి మా కర్నూల్లో రెండు దారులే మిగులుతాయి. ఒకటి మంత్రాలయం, రెండోది పొద్దున్నే వాకింగ్. నేను మూడో దారి తొక్కి, ఎలక్ట్రిక్ గిటార్ కొందామనుకున్నాను.

ఇంట్లో చెప్తే మా అమ్మ "ఈ వయసులో నీకిదేం పొయ్యేకాలం రా" అని ఊరుకుంది. అసలు చిక్కు ఆచారన్నతో వచ్చింది. మా ఇంటి వాకిళ్లు, మంచాలు, అమ్మాయి పెళ్లి బీరువా అన్నీ ఆయన చేతి పనే. చెక్కతో చేసిన వస్తువేదైనా ఆయన్ను అడక్కుండా కొనడం మా వీధిలో మర్యాద కాదు. ఫోన్‌లో గిటార్ బొమ్మ చూపించాను. ధరెంత అని అడగలేదు, ఎట్ల మోగుతుందని అడగలేదు.

"ఏం కట్టె సార్ ఇది?"

గడపనే పేరుగా పెట్టుకున్న కడపకు పొరుగు మేము. కట్టె మంచిచెడ్డలు ఇక్కడ వాకిలి దగ్గరే తేలుతాయి. ఎండకు పగలకూడదు, చెద పట్టకూడదు, తన్నితే తన్నినోడి కాలు విరగాల. దానికి చేవ ఉండాల. చేవ లేనిది పొయ్యిలోకి.

సరే, ఏం కట్టెనో తెలుసుకుందామని నెల రోజులు కూర్చుని చదివాను. 1950లో లియో ఫెండర్ బజారుకు తెచ్చిన గిటార్లు ఎక్కువగా యాష్ చెక్కవి. యాష్ అంటే కేజీఎఫ్ హీరో కాదు, అదొక చెట్టు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ కూడా మొదట యాషే. 1956 నుంచి ఆల్డర్‌కు మారారు. 1952 నాటి గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ గిటార్ మహాగని, దాని మీద మేపుల్ పలక. యాష్‌లో మేలైనది చిత్తడి నేలల్లో పెరుగుతుందట. మా వైపు చిత్తడంటే మంచినీళ్ల పైపు పగిలిన చోటే. అక్కడ మొలిచేది తుమ్మ. ఇక గిటార్ వాళ్ల భాష చూడాలి. మహాగనిది వెచ్చటి నాదమట, యాష్‌ది మెరిసే నాదమట. మే నెలలో మా ఇంట్లో గోడ, గ్లాసు, తలకింద దిండు అన్నీ వెచ్చగానే ఉంటాయి. ఇంకో వెచ్చటి వస్తువుకు డబ్బు పోసేంత ధైర్యం నాకు లేదు.

ఇదంతా ఆచారన్నకు వివరిస్తే ఆయన బొబ్బిలి వీణ దగ్గర ఆగిపోయాడు. "వీణకు పనస గదా సార్. ఒకే మొద్దు తొలిస్తే ఏకాండి. చెప్పు, పనస తెప్పిస్తా." కానీ వీణకు కుండ ఉంది, తొలిచిన కట్టే పలుకుతుంది. ఈ గిటార్‌కు కుండ లేదు, ఉత్త దిమ్మ. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే కింద చుట్టలో కరెంటు పుడుతుంది, అది ఆంప్లిఫయర్‌లోకి పోయి అరుస్తుంది. బోరు మోటారు కాలితే వైండింగ్ షాపులో చుట్టేది కూడా ఇట్లాంటి చుట్టేనని చెప్పాను. రాయలసీమలో మోటారు వైండింగ్ గురించి మళ్లీ చెప్పాల్సిన మనిషి లేడు.

ఆచారన్న కాసేపు ఆలోచించి, "అయితే పాడేది కరెంటు, మోసేది కట్టె. అంతేనా?" అన్నాడు.

ఈ ఒక్క ముక్క మీద గిటార్ వాళ్లు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. నా మటుకు నేను ఆచారన్న పార్టీ. 1930ల మొదట్లో రికెన్‌బాకర్ వాళ్ల తొలి ఎలక్ట్రిక్ గిటార్ అల్యూమినియం పోత. చూడ్డానికి అచ్చం పెనం, జనం పిలిచిందీ పెనం అనే. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే ఆయన నాలుగంగుళాల పైన్ దుంగకు తీగలు బిగించి వాయించాడు. జనం మొహాలు చిట్లించారు. ఆయన ఒక పాత గిటార్‌ను నిలువునా కోసి, ఆ రెండు చెంపలూ దుంగకు అటూ ఇటూ తగిలించాడు. నాదం అదే, జనం మాత్రం మెచ్చుకున్నారు. పెళ్లిచూపులు ఎక్కడైనా ఒకటే.

కర్నూల్లో కట్టె మాట ఎత్తితే మూడో నిమిషంలో ఎర్రచందనం వస్తుంది. టీ బంకు దగ్గర అందరూ అడిగింది అదే. బయటి కట్టె ఎందుకు, మన దగ్గర బంగారం పెట్టుకుని! సహజంగా అది ఎక్కువ పెరిగేది శేషాచలం, పాలకొండలు, లంకమల, నల్లమల, వెలిగొండల్లోనే. జపాన్ వాళ్లకు షామిసెన్ అని మూడు తీగల వాయిద్యం ఉంది. అందులో మేలురకానికి దండి ఎర్రచందనమే. అన్నమయ్య పుట్టిన తాళ్లపాకకు దగ్గరి కొండల్లో పెరిగే కట్టె, సముద్రం దాటి ఎవరి పాటకో దండి అయింది. ఇక్కడ నేను జానెడు ముక్క సంచిలో వేసుకుంటే నేరుగా జైలు. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా ఆంక్షలున్నాయి. పైగా అది నీళ్లలో మునిగే కట్టె. ఆల్డర్ మొండెం రెండు కేజీలైతే ఇది నాలుగున్నర దాటుతుంది. నా నడుముకు ఆ సంగీతం ఆగదు.

చివరికి కడపలో ఇంజనీరింగ్ చదివి అమెరికా పోతున్న పిల్లోడు గిటార్ అమ్ముతున్నాడంటే పోయాను. "బాస్‌వుడ్ అంకుల్" అన్నాడు. మెత్తటి తెల్లకట్టె, చవక గిటార్లకు వాడేది. వద్దనాల్సింది. కానీ దాని రంగు ముదురెరుపు, కిటికీ ఎండ పడి నిగనిగలాడుతోంది. నెల రోజుల చదువు అర నిమిషంలో గాలికి పోయింది. డబ్బులిచ్చి బయటపడ్డాను.

కర్నూలు బస్సు మైదుకూరు దాటినాక తనిఖీకి ఆగింది. నల్ల సంచి చూసి ఒకాయన, "లోపల ఏముంది సామీ?" అన్నాడు. నోరు జారి "చెక్క" అన్నాను. జిప్పు తీసేసరికి ఎర్రగా మెరిసింది. బస్సు మొత్తం నా వైపు తిరిగింది.

"గిటార్ సార్ ఇది."

"గిటారైతే వాయించు."

అక్కడే వచ్చింది తంటా. కరెంటు లేకుండా ఆ దిమ్మ దోమంత కూడా పాడదు. బస్సు ఇంజను గుర్రుమంటోంది. నాకొచ్చిన ఒక్క పాటను పల్లవి నుంచి చరణం దాకా చెమటలు కక్కుతూ వాయించాను. ఆపి తలెత్తితే ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు. "ఊఁ, మొదలుపెట్టు" అన్నాడు.

ఇక ఆయనే రంగంలోకి దిగాడు. బరువు చూశాడు, వాసన చూశాడు. బెల్టు బొడిపె దగ్గర పెచ్చు ఊడిన చోట బొటనవేలి గోరు దింపాడు. గోరు సుఖంగా దిగింది. లోపల తెల్లగా ఉంది. ఆయన మొహంలో జాలి కనిపించింది. "చేవ ల్యాదు. ఎంత పెట్టి కొన్నావ్?" అన్నాడు. నేను చెప్పలేదు.

ఆ వేసవికే గిటార్ మెడ పక్కన మెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చి అరచేయి గీరడం మొదలుపెట్టాయి. ఆచారన్న ఆకురాయి తెచ్చి ఒక్కో కొసా అరగదీశాడు. "కట్టె ఎండకు ఇంకింది సార్. మెట్లు లోహం గదా, అవి ఇంకవు. మీ వంటింటి వాకిలి సందు చూడు, అదీ ఇదే కత." పని అయ్యాక వాయించమన్నాడు. ప్లగ్గు పెట్టాను, కరెంటు లేదు.

"పర్వాలేదు" అని కింద కూర్చుని, చెవి తెచ్చి ఎర్రటి దిమ్మ అంచుకు ఆనించాడు. లావు తీగ ఒకటి మీటాను. కళ్లు మూసుకున్నాడు. తీగ ఆగిపోయినా చెవి తీయలేదు.

"ఇంకోసారి కొట్టు సార్" అన్నాడు.