జెర జరుగు మామా: టీకా తాత్పర్య సహితము

అవతారిక: గ్లాస్గోలో చదువుకుంటున్న మేనల్లుడు సెలవులకు మోస్రా వచ్చి, మేనమామ వాకిట్లో వేపచెట్టు కింద పడి ఉన్న ఎడ్లబండిని చూసి పరవశుడై, మెడలోని కెమెరా ఎత్తి పలికిన వాక్యమిది.

మూలం: "మామా, జెర జరుగు, బండి కనవడ్తలేదు."

ప్రతిపదార్థం: మామా = ఆ బండి మీద బోధన్ శక్కర్‌నగర్ దాకా చెరకు తోలినవాడా; జెర = నా ఫ్రేము దాటేంత దూరం; జరుగు = ఇక్కడే ఉండుము, కాని కనిపించకుము; బండి = కాడి పోయి, కందెన ఎండి, ఇరుసు తుప్పు పట్టి, ప్రస్తుతం వంటకట్టెలు మోస్తున్నది; కనవడ్తలేదు = నీ లుంగీ అడ్డం వచ్చుచున్నది.

తాత్పర్యం: ఓ మామా! నీ బండి సుందరము. నువ్వు లేకుంటే మరీ సుందరము.

శంక: స్కాట్లండులో పాతబండ్లు కరువా, ఫోటోకు మోస్రా దాకా రావలెనా?

సమాధానం: కరువు లేదు. అక్కడ గ్లెన్‌ఫిన్నన్ వంతెన ఉంది. 1901లో రైళ్లు మొదలైన దారిది, 21 కాంక్రీటు కమానులు. ఆవిరి రైలు దాని మీద వంపు తిరిగే ఆ కాసేపటి కోసం జనం కొండ మీద వానలో తడుస్తూ నిలబడతారు. హారీ పాటర్ సినిమాలు వచ్చాక ఆ తాకిడి మరీ ఎక్కువైంది. వాళ్లకు కావలసింది ముఖ్యంగా పొగ. గాలి అడ్డం తిరిగి పొగ పెట్టెలను కప్పేసిందా, ఆ పూట తడిసింది దండగే.

పొగ మనకూ ఉండేది. నిజాం కాలంలో 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడే దాకా బోధన్ చిమ్నీ పొగ చూసే సీజను వచ్చిందనుకునేవారు. గేటు ముందు చెరకు బండ్లు బారులు తీరి, ఎడ్లు నిలబడే కునుకు తీసిన రాత్రుల్లో ఏ మేనల్లుడూ కెమెరా తేలేదు. ఎడ్లను అమ్మిన తర్వాతే బండికి అందం వచ్చునని లాక్షణికుల మతం కాబోలు.

మరొక శంక: గ్లాస్గోకూ మన బండ్లకూ ఏం చుట్టరికం?

సమాధానం: దగ్గరి చుట్టరికమే. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆనాటి ఆల్బియన్ బస్సుల పుట్టిల్లు గ్లాస్గో. వాటిలో ఒకటి డెక్కన్ క్వీన్ అనే పేరుతో హైదరాబాదులో ఆర్టీసీ వారి దగ్గర ముస్తాబై ఉంది. దాని ముందు నిలబడి ఫోటో దిగేవారిని జరగమనడం మర్యాద కాదు. ఈ మర్యాద మోస్రా మామకు ఎందుకు వర్తించదో శాస్త్రం చెప్పలేదు.

విశేషం: స్కాట్లండు ఎండ ఏటవాలుగా వచ్చి చక్రం ఆకులు ఒక్కొక్కటీ విడిగా చూపిస్తుంది. మోస్రా మిట్టమధ్యాహ్నపు ఎండ నెత్తిన పడి అన్నిటినీ తెల్లగా చేస్తుంది. పొద్దున్నే తియ్యాలి. అల్లుడు లేచేది పదకొండింటికి.

భేదం: మామ జరిగెనని కొందరు, లేదని కొందరు. ఫోటోలో కుడి అంచున చక్రం పట్టా మీద కాయలు కాచిన చెయ్యి ఒకటి ఉన్నది. దాన్ని కత్తిరించాలని అల్లుడి పక్షం.

పాఠాంతరం (వంటింటి ప్రతిలోనిది): "అల్లుడా, ఫోటో ఎనుక తీద్దువు గని, ముందుగాల ఆ కట్టెలు దించు." ఈ పాఠమే గ్రాహ్యమని మామ అంటాడు.