మద్దెల మార్చేద్దాం సార్!

మీ కారు డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపురంగులో వెలిగిందా? అభినందనలు. సర్వీస్ సెంటర్ వారి ఈ నెల టార్గెట్‌లో మీరూ ఒక భాగమయ్యారు.

వెళ్ళగానే స్కానర్ తెస్తారు. స్టీరింగ్ కింద గుచ్చుతారు. తెర మీద పి-0135 అని పడుతుంది. ‘ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం’ అంటాడు అడ్వైజర్. బానెట్ ఇంకా తెరవనే లేదు!

ఆ కోడ్ చెప్పింది హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు మహానుభావా! ఫ్యూజూ, తీగలూ, కనెక్టరూ, రాత్రిపూట పార్కింగ్‌లో ఆ తీగల్ని కొరికే ఎలుకా అందరూ భాగస్వాములే. పొగ గొట్టంలో ఉండే ఆ సెన్సార్‌లోని జిర్కోనియా ముక్క సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ పనిలోకి దిగదు. దాన్ని త్వరగా వేడెక్కించడానికే ఆ హీటర్. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే హీటర్ పిన్నుల మధ్య కొద్ది ఓములు చూపాలి. చూపిందా, హీటర్ నిర్దోషి. ఇక బండివైపు నుంచి 12 వోల్టులు వస్తున్నాయా? రాకపోతే ఫ్యూజు పెట్టె తెరవాలి. టీ చల్లారేలోపు తేలిపోయే పని ఇది. అదే దీని దౌర్భాగ్యం. టీ చల్లారేలోపు తేలే పనికి బిల్లేం వేస్తారు? ఫ్యూజు మీద మిగిలేదెంత?

పి-0420 అనే మరో కోడ్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్‌కి ముందొక సెన్సార్, వెనకొకటి. పాత పద్ధతి బళ్ళలో ముందుది 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది, వెనకది నిలకడగా ఉంటుంది. వెనకదీ అలాగే ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోయిందనో, గొట్టం జాయింటు దగ్గర గాలి దూరుతోందనో అనుమానించాలి. ‘అయ్యా, పొగ శుద్ధి కావడం లేదు’ అని నిజం చెప్పిన పాపానికి మన నిపుణులు ఆ సెన్సార్‌నే పీకేస్తారు. ఆడలేక మద్దెల ఓడన్న రోజులు పోయాయి. ఇప్పుడు మద్దెల మార్చి జీఎస్టీ కూడా వేస్తున్నారు. కొత్తదీ వారం తిరక్కుండా అదే మాట చెబుతుంది. అప్పుడేమంటారు? ‘ఈసీయూ, అదే ఇంజన్ కంప్యూటర్, చూడాలి సార్.’

పొగ గురించి నిజం ఎవరికి కావాలి గనుక! పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే బుద్ధిగా నడిచే సాఫ్ట్‌వేర్‌ను సుమారు 1.1 కోట్ల డీజిల్ బళ్ళలో పెట్టి 2015లో ఫోక్స్‌వ్యాగన్ దొరికిపోయింది. పాపం, ఎంత కష్టపడ్డారో! మనకంత శ్రమెందుకు? పొగ ప్రమాణాల్లో బీఎస్-5ని ఒక్క గెంతులో దాటి 2020 ఏప్రిల్‌లో బీఎస్-6లో దిగాం. రోడ్డు పక్క పొల్యూషన్ వ్యానులో మాత్రం నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే లేదు. కొన్నిచోట్ల గొట్టంలో ప్రోబ్ కూడా దూర్చరు, నంబరు ప్లేటు ఫొటో చాలు. వాళ్ళిచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే మాత్రం జరిమానా 10,000 రూపాయల దాకా!

కాబట్టి బండిగల మారాజులారా, సెన్సార్ మార్చమని సంతకం పెట్టేముందు మీటర్‌లో ఏం చూశారో జాబ్‌కార్డు మీద రాయమనండి. పాతది మీ చేతిలో పెట్టమనండి. రాయం, ఇవ్వం అంటే తాళాలు తీసుకుని బయటికొచ్చేయండి.