పాయింట్లు పోయినయి, చెవులూ పోయినయి

ఏం పిలగా, కారు గుంజుతలేదని చెప్తె ఇప్పటి మెకానిక్కు బానెట్ లేపుతడా? స్టీరింగ్ కింద వైరు గుచ్చి స్కానర్ దిక్కు చూసుకుంట కూసుంటడు. ఇంజన్ చప్పుడు విననే వినడు. నువ్వన్న వింటవా అంటె, అద్దాలెక్కిచ్చుకొని పాటలు పెట్టుకుంటవు.

మా రోజుల్ల వరంగల్ చౌరస్తా కాడ అంబాసిడర్ మలుపు తిరుగుతుంటెనే చెప్పెటోళ్లం, దీని టైమింగ్ ఎనకకున్నదని. టైమింగంటె నీకు గడియారం యాదికొస్తది గని, మాకు ప్లగ్గు నిప్పు ఎప్పుడెయ్యాల్నో ఆ లెక్క. నిప్పు పడంగనే పెట్రోలంత ఒక్కసారి కాలదు, రెండు మిల్లీ సెకండ్ల దాకా పడ్తది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటె ఒక్క మిల్లీ సెకండుల క్రాంకు 18 డిగ్రీలు పోతది. అందుకే పిస్టన్ ఇంక పైకి ఎక్కుతుండంగనే నిప్పు ఎయ్యాలె. అది పైనుంచి దిగుడు మొదలువెట్టినంకనే మంట జోరంత దాని నెత్తి మీద పడాలె. ఒక్క రోట్ల ఇద్దరాడోళ్లు దంచుతుంటె చూసినవా? ఒకామె తొందరపడితె రోకలి రోకలికి తగుల్తది, ఆలిశమైతె పోటు ఉత్తగ పోతది.

టైమింగ్ మస్తు ముందుకు జరిపితె మంట ఎదురు తంతది. ఎక్కుడుల యాక్సిలేటర్ తొక్కంగనే టకటక కొడ్తది, అదే నాకింగ్. ఇనపడినా అట్లనే తోలితె పిస్టన్‌కు బొక్క పడ్తది. ఎనకకు జరిపితె బలమంత సైలెన్సర్ల పోతది, ఇంజన్ కాలుతది, పికప్ సస్తది, పెట్రోలు తాగుతది. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే బండైతె ఇంకో గండం. టైమింగ్ ముందుకుంటె హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు ఇరుగుతది. బొటనేలు హ్యాండిల్‌కు చుట్టకు, మిగతా ఏళ్ల పక్కకే పెట్టు అని మా ఉస్తాద్ మొదటిరోజే చెప్పిండు. అమెరికాల కెటరింగ్ అనేటాయన 1912ల క్యాడిలాక్‌కు సెల్ఫ్ పెట్టి ఆ గండం తప్పిచ్చిండు. బ్యాటరీ, కాయిలు, పాయింట్లతోని నిప్పు పుట్టిచ్చే ఉపాయం గూడ ఆయనదే. అప్పటి ఫోర్డ్ మోడల్ టీల అయితె స్టీరింగ్ కాడనే టైమింగ్ లీవరుండె, తోలెటోడే ముందుకు ఎనకకు జరుపుకునేటోడు. తోలుడంటె అది.

ఇగ టైమింగ్ కట్టుడు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ల, కరెంటును కలిపి తెంపే పాయింట్లుంటయి. వాటిని రుద్ది, ఫీలర్ గేజ్ ఏసి 15 థౌ (థౌ అంటె అంగుళంల వెయ్యో వంతు) సందు పెట్టాలె. సందు పెరిగితె టైమింగ్ ముందుకు పోతది, తగ్గితె ఎనకకొస్తది. ఇది తెల్వనోడు ముందుగాలనే డిస్ట్రిబ్యూటర్ తిప్పి ఆగమైతడు. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ మీదికి తెచ్చి, పుల్లీ గుర్తు కలిపి, పాయింట్లకు చిన్న బల్బు కట్టి డిస్ట్రిబ్యూటర్ మెల్లగ తిప్పాలె. బల్బు ఎలగంగనే బోల్టు బిగించాలె. వైర్లు 1-3-4-2 వరుసనున్నయా చూసుకోవాలె. అంతటితోని అయిపోలే. కాజీపేట బ్రిడ్జి మీదికి టాప్ గేర్ల మెల్లగ ఎక్కిచ్చి ఒక్కసారి తొక్కాలె. రెండు టక్కులు ఇనపడి మాయమైతె కుదిరినట్టు. బ్రిడ్జి దిగెటాల్లకు బండాయన మొఖం ఎలిగిపోయేది. మేడారం జాతరకు పోయే బండైతె ఇంత ఎనకకు పెట్టి పంపెటోళ్లం. నిండ మనుషులు, అమ్మవార్లకు మొక్కిన బంగారం, అదే బెల్లం, బుట్టల కొద్ది. అంత బరువుతోని తాడ్వాయి అడివిల ఇంజన్ కొట్టకుంట పోవాలె కదా.

అప్పటి పెట్రోల్ల సీసముంటుండె, అది నాకింగును అదిమిపట్టేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంత సీసం బందైంది. గాలికి, పిల్లల ఒంటికి అది మంచిదే, దానికి నేను అడ్డం చెప్ప. గా దినాలల్లనే ఇంజెక్షన్ బండ్లొచ్చినయి, పాయింట్లు పోయినయి, ఎనకనే డిస్ట్రిబ్యూటరూ పోయింది. 2014ల ఉత్తరపార ఫ్యాక్టరీల అంబాసిడర్ తయారీయే బందైపోయింది.

కంప్యూటర్ పని చెయ్యదని అంటలేను. ఇంజన్ ఎంత జోరు తిరుగుతున్నది, ఎంత బరువున్నది చూసి ఒక్కో నిప్పుకు ఒక్కో లెక్క కడ్తది, ఆ పని నా చేతితోని కాదు. నాకింగ్ సెన్సర్ చెవి నా చెవి కంటె పదును, ఒప్పుకుంట. నా ఏడుపంత వేరే. ఇంజన్ల కార్బన్ పట్టినా, పెట్రోలు కల్తీదైనా, సెన్సర్ టైమింగ్‌ను గుట్టుగ ఎనకకు గుంజి చప్పుడు మాపుతది. రోగం లోపలనే ఉంటది, మూలుగుడొక్కటే బందైతది. బండి బరువుగ పోతున్నది, మైలేజీ తగ్గింది అని నువ్వు డ్రైవర్‌ను తిడ్తవు. ఇంజన్ లైటు ఎలిగెదాక నీకేం తెల్వది.

ఇప్పుడు పెట్రోల్ల ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నరు. ఇథనాల్ నాకింగును బాగనే ఆపుతది, గని దాంట్ల వేడి తక్కువ, మైలేజీ తగ్గుతది. పాత కార్బొరేటర్ రబ్బర్లు గూడ చెడగొడ్తది. పాత అంబాసిడరో, ఫియటో పాణం లెక్క సాదుకుంటున్నోళ్లు ఈ పెట్రోలుకు టైమింగ్ మళ్ల కట్టిచ్చుకోవాలె. హన్మకొండ నుంచి ఖిలా వరంగల్ దాక తిరుగు, బల్బు పెట్టి కట్టెటోడు ఎంతమంది దొరుకుతరో చూడు. మన ఐటీఐ పిలగాండ్లకు ఒక పాత ఇంజన్ స్టాండు మీద పెట్టి, స్కానర్ పక్కకు తీసేసి, ఒక్కొక్కనితోని డిస్ట్రిబ్యూటర్ తిప్పియ్యాలె. ముందుకు జరిపితె ఎట్ల కొడ్తది, ఎనకకు జరిపితె ఎట్ల మూల్గుతది వాళ్లను విననియ్యాలె. ఆ తర్వాతనే లాప్‌టాప్ చేతికియ్యాలె.