ప్లగ్ బోర్డులు

2021 దసరా వెళ్లిన వారం. హన్మకొండలో హంటర్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న కాలనీలో నూటయాభై గజాల ఇల్లు అమ్మకానికి వచ్చింది. రిటైరైన లెక్కల సారు చూడటానికి వచ్చాడు. వెంట భార్య, వాస్తు సిద్ధాంతి, విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసే బామ్మర్ది.

సిద్ధాంతి దిక్సూచి తీశాడు. సింహద్వారం తూర్పు. మెట్లు బేసి. బోరు ఈశాన్యంలో. నేల వాలు కూడా ఈశాన్యానికే. టేపు పట్టుకుని గదిగదీ కొలిచాడు.

"ఈశాన్యం నీళ్ల జాగ. ఆ మూల ఎంత తడి ఉంటే ఇంటికి అంత కలిమి."

"నీళ్లకైతే ఎన్నడు కరువు లేదు సార్" అన్నాడు ఇల్లు అమ్మేటాయన.

బామ్మర్దికి పని లేదు. గోడలు చూస్తూ తిరిగాడు. హాలులో ఆగాడు. పడకగదిలోకి, వంటింట్లోకి వెళ్లి వచ్చాడు.

"బావా, ప్లగ్ బోర్డులన్నీ ఇంత ఎత్తుల పెట్టిండ్రేంది?"

నిజమే. ఏ గదిలో చూసినా బోర్డు మనిషి ఛాతీ ఎత్తున ఉంది. ఫ్రిజ్ వైరు గోడ పొడుగునా పైకి పాకింది. టీవీ వైరుదీ అదే తీరు. నేలకు అడుగెత్తున, పాత బోర్డులు ఉండాల్సిన చోట, గోడకు నలుచదరంగా సిమెంటు మాట్లు ఉన్నాయి. మీద రంగు వేశారు. బామ్మర్ది గోటితో కొట్టి చూశాడు.

"పోరగాండ్లు వేళ్లు పెడ్తరు గదా" అన్నాడు అమ్మేటాయన.

ఆ ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన భార్యా.

సిద్ధాంతి వచ్చి బోర్డు వైపు ఓసారి, నేల వైపు ఓసారి చూశాడు. "అగ్ని పైన, జలం కింద. పద్ధతి ప్రకారమే ఉంది."

"ఏదన్న వంక పెట్టకపోతే నీకు తోచదు తమ్మీ" అంది అక్క.

బామ్మర్ది మళ్లీ నోరు తెరవలేదు.

సిద్ధాంతి కూడా ఒక దోషం పట్టాడు. బాత్రూమ్ నైరుతిలో ఉంది. సారు రేటు తగ్గించమని అడగబోయేలోపే అమ్మేటాయన రెండు లక్షలు తగ్గించాడు. సారుకు బేరం ఇంత సులువుగా ఎప్పుడూ కుదరలేదు. 58 లక్షలకు ఖాయమైంది.

తర్వాత ఎవరి పని వాళ్లు చేశారు. వకీలు ముప్పై ఏళ్ల ఈసీ తీయించాడు. ఇంటి మీద పైసా అప్పు లేదు. కొడుకు లోనుకు బ్యాంకు తరఫున ఇంజనీరు వచ్చాడు. నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని, చాయ్ తాగి వెళ్లాడు. మార్కెట్ విలువ మీద ఏడున్నర శాతం కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. సిద్ధాంతికి 5,116 రూపాయలు, ధోవతి ముట్టాయి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట సారు మర్యాదకు అడిగాడు. "ఇగ మీరు ఏడ ఉంటరు?"

"కాజీపేటల ఫ్లాటు తీసుకున్నం సార్. నాలుగో అంతస్తు" అన్నాడు అమ్మినాయన. ఆయన భార్య మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది.

2023 జూలై 27. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. వరంగల్ చుట్టూ చెరువులు మత్తళ్లు దుంకాయి. నాలాలు కాలనీల్లోకి వచ్చాయి. భద్రకాళి చెరువుకు గండి పడటానికి ఇంకా రెండు రోజులుంది. ఈలోపే సారూ భార్యా డాబా ఎక్కారు. కింద సోఫా తేలింది. ఫ్రిజ్ పడిపోయింది. బియ్యం బస్తా, సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బం అన్నీ ఒకే నీళ్లలో నానాయి.

నీళ్లు ప్లగ్ బోర్డులకు జానెడు కింద ఆగాయి. 2020 ఆగస్టు వరద ఎంతవరకు వచ్చిందో చూసి, దానికి పైన పెట్టించిన బోర్డులవి. అమ్మినాయన కొలత తప్పలేదు. ఒక్క బోర్డూ తడవలేదు.

కాలనీకి కరెంటు ఆపించిన వాళ్లలో బామ్మర్ది కూడా ఉన్నాడు. బావ నుంచి ఫోన్ వస్తుందని చాలాసేపు చూశాడు. సారు మాత్రం సిద్ధాంతికి చేశాడు.

"పంతులూ, ఇల్లంత మునిగింది."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఏ మూలకెల్లి వచ్చినయి?"

సారు పిట్టగోడ మీదుగా వంగి చూశాడు.

"ఈశాన్యం కెల్లి."

"మంచి మూలకెల్లే వచ్చినయి సారూ. ఫికరు చెయ్యకుండ్రి."